ఆఖరి కుండ చప్పుడు

సాలెవీధి ఆడవాళ్ళు తెల్లవారుజామున నీళ్ళకు పోయేటప్పుడు కిష్టమ్మ ఎదురు రాకూడదు. ఇది ఎవరో కూర్చుని రాసిన కట్టడి కాదు. ఎవరూ ఆమె ముఖాన అన్న మాట కూడా కాదు. మొగుడు పోయిన నెలలో ఒకనాడు బావి దారిలో ఎదురైతే, ఒకామె నిండు బిందె అక్కడికక్కడే కుమ్మరించి, మాట్లాడకుండా మళ్ళీ నీళ్ళకు తిరిగిపోయింది. తెలివిగల మనిషికి అంతకంటే చెప్పాలా? అప్పటినుంచి ఇరవై రెండేళ్ళుగా కిష్టమ్మ తలుపు వెనక పీట వేసుకుని వింటూ కూర్చుంటుంది. బిందెల చప్పుడు, కుండల చప్పుడు, తడికాళ్ళ చప్పుడు. ఆఖరి కుండ ఎవరింటి గడపో దాటి దించిన చప్పుడు అయ్యాకే ఆమె గొళ్ళెం తీస్తుంది. గద్వాలలో ఏ మగ్గం ఎప్పుడు ఆగిందో చెప్పగల చెవులు ఆమెవి. ఆ చెవులు ఈ పనికి ఇట్లా పదునెక్కాయి.

అయితే ఈ మర్యాదంతా పొద్దెక్కే వరకే. వైశాఖం వచ్చిందంటే ఎండ గడప మీదికి రాకముందే ఆమె అరుగు నిండుతుంది. పొద్దున చూడకూడని ముఖం ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి అప్పుడు ఎవరికీ అడ్డు లేదు. ఎందుకంటే ఆ వీధిలో నారి తీయగలిగింది ఆమె ఒక్కతే.

నారికురుపు తెలియని వాళ్ళు అదృష్టవంతులు. పిక్క మీదో చీలమండ దగ్గరో బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మండుతుంది. బొబ్బ పగిలాక పుండులోంచి నూలుపోగంత సన్నని తెల్లని పురుగు తల బయట పెడుతుంది. లోపల రెండు మూరల పొడుగుంటుంది. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే కాలు చీము పట్టి మనిషి నెలల తరబడి మంచాన పడతాడు, ఒక్కొక్కడు లేవనే లేవడు. కిష్టమ్మ మొగుడు లేవలేదు. అందుకని దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు రెండువేళ్ళ మేర, పదిహేను ఇరవై రోజులు ఓపిగ్గా రప్పించాలి. పొద్దంతా ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టే చెయ్యి ఆమెది. పోగు తెగబోయే ముందు వేలికి చిన్న బిగువు తెలుస్తుంది. ఆ బిగువు దగ్గర ఆగడమే విద్య. ఇరవై రెండేళ్ళలో ఒక్క నారి ఆమె చేతిలో తెగలేదు.

ఆ ఏడు జర్మనీ యుద్ధం పుణ్యమా అని నూలు దొరక్క సగం మగ్గాలు పండుకున్నాయి. బాలకిష్టయ్యకు మాత్రం మూడు నెలలు తిరిగితే ఒక పెళ్ళి చీరకు సరిపడా నూలు దొరికింది. పడుగు ఎక్కించిన నాలుగో రోజే కుడికాలికి నారి లేచింది. మగ్గం గుంతలో కాలు దించి తొక్కితేగాని పని నడవదు, తొక్కితే ప్రాణం పోతుంది. నలభై ఏళ్ళు కూడా లేని మనిషి, పసిపిల్లవాడిలా మొహం పెట్టి రోజూ కిష్టమ్మ అరుగెక్కుతున్నాడు.

ఆ రోజు కూడా అతని కాలు ఒళ్ళో పెట్టుకుని, పుల్లను బొటనవేలితో మెల్లగా తిప్పింది. ఒకటిన్నర చుట్టు వచ్చింది. బిగువు తగలగానే ఆగి, పుల్లను గుడ్డపేలికతో పిక్కకు కట్టేసింది.

"నిన్న బాయిల కాలు పెట్టుకున్నవా?" అని అడిగింది.

"పెట్టుకున్న చిన్నమ్మా. జర సల్లగైంది. పురుగు పాలు కక్కింది, నీళ్ళల్ల తెల్లగ పోయింది."

"ఇసం పోయిందన్నట్టు. ఇయ్యాల గూడ పోయి కూసో. గంగమ్మ తల్లి అంత మింగుతది."

ఇది ఆమె మందులో సగం. చన్నీళ్ళలో కాలు పెడితే మంట తగ్గుతుంది, నారి తనంతట తాను సాగుతుంది, ఆ తెల్లని పాలు కక్కితే మర్నాడు చుట్టడం సులువవుతుంది. ఇది ఆమె కళ్ళారా చూసిన సంగతి, అబద్ధం కాదు. అరుగు మీద కాలు చూపించుకున్న వాళ్ళంతా కుంటుకుంటూ దిగుడుబావికి పోయేవాళ్ళు. రెండు గోడల మధ్య ఒక్క మనిషి పట్టేంత ఇరుకు మెట్లు దిగి, నీళ్ళ అంచున వరసగా కూర్చుని, పిక్కలదాకా కాళ్ళు ముంచి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు. పక్కనే ఆడవాళ్ళు మోకాళ్ళ లోతుకు దిగి బిందెలు ముంచేవాళ్ళు.

ఆ ముచ్చట్లు కిష్టమ్మకు అరుగు మీదే మొదలయ్యేవి. ఎవరింట్లో కోడలు అలిగింది, ఎవరి చీర రంగు దిగింది, వనపర్తి సంతలో మిరపకాయలు ఎట్లున్నాయి, అన్నీ ఆమె చెవిన పడేవి. తనను ఎవరూ ఏమీ అడగరు. అయినా మనుషులు చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటుంటే వినడానికి ఎంత బాగుంటుందో, ఒక్కతే ఉండే వాళ్ళకే తెలుస్తుంది. వాన పడిందా, నారి పోతుంది, అరుగు ఖాళీ. మళ్ళీ వైశాఖం దాకా ఆమెకు రాట్నం చప్పుడే తోడు. ఏరు దాటాక తెప్ప తగలేసే జనం అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వచ్చే ఏడు వస్తారు గదా అనుకునేది.

మధ్యాహ్నం కుండ తీసుకుని ఆమె బావికి పోయేసరికి సాయమ్మ మెట్ల పైన నిలబడి ఉంది. సాయమ్మది ఊరి చివరి మాలవాడ. వాళ్ళు మెట్టు దిగకూడదు. దిగిన వాళ్ళెవరైనా దయతలచి పైనుంచి ధారగా పోస్తే కుండ పట్టుకుని నింపుకుపోవాలి. ఎండలో అందరూ ఇళ్ళలో ఉన్న వేళ వస్తుంది సాయమ్మ, ఆ వేళే కిష్టమ్మా వస్తుంది. ఒకరు పోయడం, ఒకరు పట్టడం ఎన్నేళ్ళ నుంచో నడుస్తోంది. కిష్టమ్మతో నారి గురించి కాక వేరే మాట మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో సాయమ్మ ఒక్కతే. మధ్యన ఎప్పుడూ ఒక మూరెడు దూరం ఉండేది.

ఆ రోజు సాయమ్మ ఎడమకాలికి పేలిక కట్టి ఉంది.

"కాలికేంది సాయమ్మా?"

"నారే అమ్మా. ఏడొద్దులాయె."

"తడిమట్టి తొక్కినవేమో. తడిమట్టిల నుంచే ఎక్కుతదది."

సాయమ్మ నవ్వింది. "మా వాడల తడిమట్టి యాడిదమ్మా, తాగెతందుకే నీళ్ళు లేకపాయె. ఈ మెట్టు నేనెన్నడన్న దిగిన్ననా? నువ్వు పోసినయి తాగుడే గద. మరి నాకెట్లొచ్చె?"

కిష్టమ్మ పోస్తున్న ధార ఆగింది. ఎవరు చుడుతున్నారు అని అడిగింది. తానే చుట్టుకుంటున్నానని, మొన్న కొంచెం తెగినట్టుందని సాయమ్మ చెప్పింది. తెగిందంటే వినడానికే కిష్టమ్మకు పళ్ళు జిల్లుమన్నాయి. ఒక్కసారి ఆ కాలు చేతికి తీసుకుంటే సరిపోతుంది. కాని నడిబజారులో మాలవాడ మనిషి కాలు పట్టుకున్న చేత్తో రేపు సాలెవీధిలో ఎవరి కాలు పడుతుంది? సాయమ్మ కుండ నింపి ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దెక్కాక అరుగు ముందు ఆశీర్వాదం సైకిలు దిగాడు. సర్కారు తరఫున ఊరూరా తిరిగి టీకాలు వేసే పిల్లగాడు, సాయమ్మ చెల్లెలి కొడుకు. వీపనగండ్ల, ఖిల్లా ఘణపూర్ తిరిగి నెల తర్వాత వచ్చాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ ఉన్నా అరుగెక్కలేదు. ఎక్కడ నిలబడాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మా, బాయి నీళ్ళు ఒక గిలాసెడు పోస్తవా?" అంటూ సంచిలోంచి తెల్లగాజు సీసా తీసి అరుగు చివర పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

దాహమనుకుని కుండలోంచి పోసింది. అతను తాగలేదు. సీసాను సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఇత్తడి కట్టు వేసిన భూతద్దం ఒకటి తీసి, సీసాతోపాటు మళ్ళీ అరుగు చివర పెట్టి దూరం జరిగాడు. చూడమన్నాడు.

కిష్టమ్మ చూసింది. తాను రోజూ తాగే నీళ్ళు. అందులో నువ్వుగింజలో పదో వంతు కూడా లేని తెల్లని నలుసులు. నలుసులనుకుంటే అవి ఉన్నచోట ఉండటం లేదు, గెంతుతున్నాయి.

ఆ గెంతే పురుగులు ఒట్టిగా ఏమీ చెయ్యవన్నాడు ఆశీర్వాదం. పెద్ద డాక్టరు శిబిరంలో చూపించి చెప్పిన సంగతంతా, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు కాక, నెమ్మదిగా, ఆమె మొహం చూస్తూ చెప్పాడు.

"నారి కక్కే పాలున్నయి చూడమ్మా, అవి పాలు గావు. పిల్లలు. ఒక్కపారి కక్కితే వేలకు వేలు. కంటికి కానరావు. బాయిల పడ్డంక వాట్ని ఈ పురుగులు తింటయి. ఈ పురుగుల్ని మనం నీళ్ళతోని తాగుతం. ఏడాదికి మన కాళ్ళల్ల నుంచి నారై బయటికొస్తది."

"ఇసం గాదా అది?"

"ఇత్తనమమ్మా."

ఆమె సీసా కింద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పోయిన వైశాఖంలో ఈ అరుగు మీద కూర్చున్న వాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళందరినీ పేరు పెట్టి పిలిచి, పో, బాయిల కాలు పెట్టుకో అని పంపింది తానే. ఈ ఏడాది కాళ్ళు పట్టుకుని వచ్చిన బాలకిష్టయ్య, ఇంకా ఎందరో, ఆ నీళ్ళు తాగిన వాళ్ళే. మెట్టు దిగని సాయమ్మకు తన చేత్తో ధార కట్టి పోసింది కూడా ఆ నీళ్ళే. ఇరవై రెండేళ్ళు. ఒక్క నారి తెగలేదని మురిసిపోయిన చెయ్యి.

"ఇప్పుడేం జెయ్యాలె?" అంది చివరకు.

పుండున్న కాలు బావిలోకి దిగకూడదన్నాడు. మెట్లు మూసేసి, అవతల ఒడ్డునుంచి చేదతో తోడుకోవాలన్నాడు. తాగే నీళ్ళు సన్నగుడ్డ రెండు మడతలు పెట్టి వడకట్టుకుంటే పురుగు గుడ్డలోనే ఉండిపోతుందన్నాడు. ఆ మాట చెబుతూ మొదటిసారి నవ్వాడు.

"ఒక్క ఏడాదమ్మా. ఒక్క పుండుకాలు దిగకుంటే సాలు. వచ్చే ఎండకాలం నీ అరుగు మీద ఒక్క మనిషి ఉండడు."

శుభవార్తే చెప్పాడు. కాని ఆ మాట కిష్టమ్మ గుండెలో వేరేగా దిగింది. ఒక్క మనిషి ఉండడు. కోడళ్ళ అలకలు, మిరపకాయలు, రంగు దిగిన చీరలు, ఏవీ ఉండవు. ఏడాదికి పన్నెండు నెలలూ రాట్నమే. లోకమంతటికీ మంచి జరుగుతుందంటే తనకు ముందుగా ఈ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గుపడింది గాని, ఆలోచన మాత్రం పోలేదు.

ఆ సాయంత్రమే ఆశీర్వాదం కులపెద్ద శ్రీరాములు ఇంటి ముందుకు పోయి ఇదంతా చెప్పాడు. మంచి మాట ఎవరు చెప్పినా వినాలంటారు గాని, ఎవరు చెప్పారన్నది చూడకుండా విన్న పెద్దలు ఎక్కడైనా ఉన్నారా? మంచం మీద కూర్చున్న నలుగురూ అతని మాట సగంలోనే ఆపేశారు. మా బావి నీళ్ళు నీ సీసాలోకి ఎట్లా వచ్చాయన్నాడు శ్రీరాములు. బావికి కీడు పట్టింది నిజమేననీ, అది వాడవాళ్ళ నీడ పడబట్టేననీ, రేపటినుంచి వాళ్ళకు ఎవరూ నీళ్ళు పోయరాదనీ తేల్చాడు. అత్తమీద కోపం దుత్తమీద చూపడం అంటే అదే. ఆశీర్వాదం టోపీ తీసి చేత్తో పట్టుకుని సైకిలెక్కాడు. మర్నాడు పొద్దున్నే అతను నాగర్‌కర్నూలు వైపు టీకాలకు పోవాలి.

కిష్టమ్మ అక్కడే, స్తంభం పక్కన కొంగు కప్పుకుని నిలబడి అంతా వింది. పిలవకుండా ఆ వాకిట్లోకి వచ్చింది ఆమె జీవితంలో అదే మొదలు.

"వాడోళ్ళు గాదన్నా," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాళ్ళు మెట్టే దిగలే ఎన్నడు. కాళ్ళు పెట్టిచ్చింది నేను. మనోళ్ళ కాళ్ళే. బాయిని ఖరాబు జేసింది నేనే."

ఆమె తిట్లకు సిద్ధపడింది. నిజం చెప్పాలంటే తిట్లు తినాలనే వచ్చింది. శ్రీరాములు కోప్పడలేదు. జాలిగా చూశాడు.

"ఒంటిగున్న మనిషివి, ఎండ తగిలినట్టుంది చెల్లే. మన తాతలు గూడ ఆ బాయి నీళ్ళే తాగిన్రు, అండ్లనే కాళ్ళు కడిగిన్రు. ఇంటికి పోయి మజ్జిగ తాగు," అన్నాడు.

ఎవరో సన్నగా నవ్వారు. చివర్న కూర్చున్న బాలకిష్టయ్య నవ్వలేదు, తన కాలికి కట్టిన పుల్ల వైపు చూసుకున్నాడు. కిష్టమ్మ ఇంటికి వచ్చింది. పాపం చేశానని ఒప్పుకున్నా ఆ పాపం కూడా తనకు ఇవ్వలేదు వాళ్ళు. ఇస్తే అందులో తమ కాళ్ళకూ వాటా వస్తుంది మరి.

మర్నాడు అరుగు మీద కాలు చాపిన ప్రతివాడికీ చెప్పింది, బావికి పోవద్దని. నిన్నటిదాకా పొమ్మన్నది నువ్వే గదా అన్నారు. మంటకు తట్టుకోలేక నారి తెగితే నీదే జిమ్మా అన్నారు. ముంతతో నీళ్ళు తానే పోస్తానంది. బాలకిష్టయ్య ఒక్కడు ఆగాడు. వీధి మోరీ కాలువ పక్కన అతని కాలు పెట్టించి, ఆరు ముంతలు సన్నగా పోసింది. తెల్లని పాలు మట్టిలో ఇంకిపోయాయి. ఇద్దరూ ఆ తడి మరక వంకే చూస్తూ ఉండిపోయారు.

"నిజమేనా చిన్నమ్మా?" అన్నాడు అతను నెమ్మదిగా. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు అతనికి.

"నిజమే," అంది.

మిగిలిన వాళ్ళు మాత్రం కుంటుకుంటూ బావికే పోయారు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర శ్రీరాములు భార్య సుభద్రమ్మ గొడుగు వేసుకుని నిలబడి ఉంది. సాయమ్మ దూరంగా, ఎండలో, ఖాళీ కుండ తుంటికి ఆనించుకుని నిలబడింది. కిష్టమ్మ మెట్లు దిగి కుండ ముంచుకుని పైకి వచ్చింది. సాయమ్మ అలవాటుగా కుండ ముందుకు పట్టింది. సుభద్రమ్మ చూసింది, అంతే. ఆ చూపు చాలు. కిష్టమ్మ నిండు కుండ చంకన పెట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి, సాయమ్మను దాటి వచ్చేసింది. వెనక్కి తిరిగి చూసేసరికి సాయమ్మ పుండుకాలు ఈడ్చుకుంటూ వాగు దారి పట్టింది. వాగు కోసెడు దూరం. ఈ ఎండకు అక్కడ చెలిమె తవ్వితే చారెడు నీళ్ళు ఊరతాయో లేదో.

ఆ పూట కిష్టమ్మకు ముద్ద దిగలేదు. కండె చుట్టబోతే పోగు తెగింది. ముడేసి చుడితే మళ్ళీ తెగింది. రాట్నం పక్కకు నెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఊళ్ళో తన మాట ఎవరికీ అక్కర్లేదు. తన చెయ్యి అక్కరకొచ్చేది పొద్దెక్కాకే. ఇక మిగిలిందేమిటి? అందరూ భయపడేది తనలో ఏదైనా ఉందా? ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆలోచన ఆగింది. ఉంది. ఇరవై రెండేళ్ళుగా తలుపు వెనక దాచిపెట్టుకున్నది అదే. దాన్ని దాచి ఊరికి మేలు చేస్తున్నాననుకుంది. లేచి, పాతపెట్టె తెరిచి ఒక సన్నని గుడ్డ తీసింది. చేద, పెద్దతాడు వెతికి బయట పెట్టింది. అప్పుడు కొంచెం గంజి తాగింది.

తెల్లవారుజామున వీధిలో మొదటి గొళ్ళెం తీసింది కిష్టమ్మే. చేదను, తాడును అవతల ఒడ్డున మోటరాయి మీద పెట్టింది. ఒకప్పుడు మోట తోలిన ఒడ్డు అది, మెట్లు సులువని ఇప్పుడు ఎవరూ అటు పోరు. తర్వాత ఇవతలికొచ్చి మెట్లకు నడిమధ్య, పై మెట్టు మీద, వీధివైపు ముఖం పెట్టి కూర్చుంది. కొంగు తల మీదినుంచి తీసేసింది. బోడి నుదురు బాగా కనబడాలి. పొద్దున్నే మనుషుల ముఖాలు చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు.

ముందు సుభద్రమ్మే వచ్చింది, ఇత్తడి బిందె చంకన పెట్టుకుని. పదడుగుల దూరంలో చూసింది. కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. తూ తూ అని పక్కకు ఉమ్మి, వెనుదిరిగి ఇంటికి పోయింది. కాళ్ళు కడుక్కుని మళ్ళీ వచ్చింది. కిష్టమ్మ అక్కడే ఉంది. వెనక ఇంకో ఇద్దరు వచ్చి ఆగారు, వాళ్ళ వెనక ఇంకో నలుగురు. పెళ్ళిళ్ళ నెల. విధవ ముఖం చూసి, ఆమెను రాసుకుంటూ దిగి, ఆ నీళ్ళు ఇంటికి తీసుకుపోయే ధైర్యం ఎవరికుంది? లెమ్మని సుభద్రమ్మ దూరం నుంచే, మొహం అటు తిప్పుకుని చెప్పింది. కిష్టమ్మ లేవలేదు.

"చేద ఆడున్నది. అటు నుంచి తోడుకోండ్రి," అంది.

శ్రీరాములుకు కబురు పోయింది. వీధి మలుపు దాకా వచ్చి, ఎవరు కూర్చున్నారో చూసి, అక్కడే ఆగిపోయాడు. ఆయన ఆ రోజు మాచర్ల దాకా పనిమీద పోవాల్సి ఉంది. మలుపు వెనక నుంచే రెండు కేకలు వేసి, తిరిగి ఇంట్లోకి పోయాడు. ఆయన ఆడవాళ్ళను చెయ్యి పట్టి లాగే మనిషి కాదు. పొద్దున్నే కిష్టమ్మ చెయ్యి పట్టేవాడు అసలు ఊళ్ళోనే లేడు.

బాలకిష్టయ్య కుంటుకుంటూ వచ్చాడు. అతను కూడా ఆమె ముఖం చూడలేదు. చుట్టు తిరిగి అవతల ఒడ్డుకు పోయి, తాడు చేదకు బిగించి, నీళ్ళలోకి వదిలాడు. శకునానికి భయపడ్డాడో, మట్టిలో ఇంకిన పాలకు భయపడ్డాడో, అతనే చెప్పాలి. మొదటి చేద పైకి వచ్చింది. ఒకామె బిందె తీసుకుని అటు నడిచింది. కాసేపటికి సుభద్రమ్మ కూడా నడిచింది, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. తర్వాత ఒక్కొక్కరుగా అందరూ ఆ ఒడ్డుకే చేరారు. తాడు చాలక గొణుక్కున్నారు, నడుము నొప్పి అన్నారు, కిష్టమ్మను తిట్టారు. పుండుకాళ్ళ వాళ్ళు కొంతమంది వచ్చి, చూసి, వెళ్ళిపోయారు. ఆ పొద్దున బావి నీళ్ళలో ఒక్క కాలు పడలేదు.

పొద్దెక్కింది. కిష్టమ్మ ఇంటికి పోయి రాట్నం తెచ్చుకుని అదే మెట్టు మీద వేసుకుంది. పొద్దున నీళ్ళకాడ ఎదురైన ముఖం, రోజూలా పొద్దెక్కగానే ఆ శకునం భయం ఎవరినీ వదల్లేదు, ఆమెను రాసుకుంటూ ఆ ఇరుకు మెట్లు దిగేవాళ్ళు లేరు. ఎండ మండుతున్న వేళ సాయమ్మ వచ్చింది, వచ్చి దూరాన్నే ఆగింది. కుండ ముందుకు పట్టలేదు.

"పోస్తవా, నన్ను పొమ్మంటవా?" అంది.

కిష్టమ్మ లేచి మెట్లు దిగి, పొడిమెట్టు మీద నిలబడి కుండ ముంచింది. పైకొచ్చి, పెట్టెలోంచి తెచ్చిన సన్నగుడ్డను రెండు మడతలు పెట్టి సాయమ్మ కుండ మూతికి పరిచింది. గుడ్డ మీద పడిన నీళ్ళు లోపలికి జారిపోయాయి. ఎండలో గుడ్డ మీద ఏమీ కనబడలేదు. అయినా ఆమె దాన్ని దూరంగా తీసుకుపోయి, వేడెక్కిన రాతి మీద దులిపి ఆరేసింది. గుడ్డ నీ దగ్గరే పెట్టుకో, రోజూ ఇట్లే చెయ్యి, వాడలో అందరికీ చెప్పు అంది.

తర్వాత మెట్టు మీద కూర్చుని ఒళ్ళో చెయ్యి తట్టింది.

"కాలిటు పెట్టు."

సాయమ్మ కదల్లేదు. అవతల ఒడ్డున, పొద్దున వంతు రాని ముగ్గురు ఆడవాళ్ళు ఇంకా తోడుకుంటున్నారని కళ్ళతో చూపించింది. "చూస్తరమ్మా. రేపు నీకు కాలు ఎవరిస్తరు?"

కిష్టమ్మ అటు చూసింది. ముగ్గురూ వీపు ఇటు తిప్పుకుని ఉన్నారు. ఒకామె చేద లాగుతూ కూడా మెడ పక్కకే పెట్టింది.

"ఎవరు చూడరు," అంది. "నా దిక్కు చూడొద్దు గద వాళ్ళు."

సాయమ్మ కుండ దించి, మెట్టుకు ఎదురుగా నేల మీద కూర్చుని, పేలిక విప్పి, కాలు మెల్లగా ముందుకు జరిపింది. మూరెడు దూరం దాటి ఆ మడమ కిష్టమ్మ ఒళ్ళో ఆనింది. కాలు కాగిన పెనంలా ఉంది. తెగిన చోట పుండు ఉబ్బింది, కాని లోపల కొస ఇంకా అందుతోంది. చీపురుపుల్ల చీల్చి, ఆ కొసను అందులో ఇరికించి, వేలితో తిప్పింది. పావు చుట్టు. ఆగింది. ఇంకో పావు.

"వచ్చే ఎండకాలం నారి లేకుంటదంట గద," అంది సాయమ్మ, మంట మరిచిపోవడానికి ఏదో ఒకటి మాట్లాడాలని. "మా ఆశీర్వాదం చెప్పిండు. మరి నీ అరుగు మీదికి ఎవరొస్తరమ్మా?"

"ఎవరు రారు."

ఆ మాట అనేశాక అంత కష్టమనిపించలేదు. వేలికి బిగువు తగిలింది. ఆగింది. పుల్లను ముడి వేసింది.

"నువ్వు రా," అంది కిష్టమ్మ. "నారి లేకున్నా రా."

సాయమ్మ కాలు వెనక్కి తీసుకోలేదు.

అవతల ఒడ్డున చేద నీళ్ళలో పడింది, తర్వాత బిందె ఎత్తుకున్న చప్పుడు, నడిచిపోతున్న అడుగులు. కిష్టమ్మ అలవాటుగా చెవి పెట్టింది, ఆఖరి కుండ ఎవరిదోనని. ఇక ఆ లెక్క తనకు అక్కర్లేదని గుర్తొచ్చి, సాయమ్మ కాలికి పేలిక కట్టసాగింది.